క్వాయ్ సినిమాలో ఆ జపాన్ కల్నల్ ఒకప్పుడు హాలీవుడ్ హీరోనా? సెస్యూ హయకావా గురించి నాకు తెలిసింది

మీరు అడిగింది మూడు ముక్కలు. ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’లో కల్నల్ సైటో వేషం వేసిన పెద్దాయన మూకీల కాలంలో హాలీవుడ్ హీరో అంటున్నారు, నిజమేనా? జపాన్‌వాళ్లంటే అమెరికాలో పొసగని రోజుల్లో అదెలా కుదిరింది? టాకీలు వచ్చాక యాస అడ్డొచ్చి అవకాశాలు పోయాయట, అవునా?

మొదటిది నిజం. మూడోది తప్పు. రెండోదానికి ఒక్క మాటలో జవాబు లేదు. ఇరవై ఏళ్లకు పైగా ఓ చిన్న ఫిలిం సొసైటీలో పాత సినిమాలు వేస్తున్నాను. మూకీలు వేసిన ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఈ మనిషి గురించి అడుగుతూనే ఉన్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. అసలు పేరు కింతారో హయకావా. 1886లో జపాన్‌లోని చిబా ప్రాంతంలో, సముద్రం ఒడ్డున పుట్టాడు. స్టేజీ పేరు సెష్షూ. అమెరికన్ల నోట్లో అది సెస్యూ అయింది. జపాన్‌వాళ్లు పలికితే దాదాపు మన ‘శేషు’లా వినిపిస్తుంది. నాకు ఆయన మీద మొదట మమకారం కలిగింది ఆ పేరు వల్లేనేమో.

ఆయన బాల్యం గురించి నెట్‌లో దొరికేదంతా నమ్మకండి. నౌకాదళంలో చేరాలనుకున్నాననీ, నీళ్లలోకి దూకినప్పుడు కర్ణభేరి పగిలి ఆ దారి మూసుకుపోయిందనీ, అవమానం భరించలేక కత్తితో పొట్ట పొడుచుకున్నాననీ, కోలుకున్నాక చికాగో యూనివర్సిటీకి వెళ్లి ఫుట్‌బాల్ కూడా ఆడాననీ 1960లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇందులో చికాగో ముక్కను పరిశోధకులు అంతగా నమ్మరు. స్టార్లు తమ గతానికి కాస్త రంగులు పూసుకోవడం మనకు కొత్తేం కాదు కదా. గట్టిగా చెప్పగలిగేది ఏమిటంటే, 1910ల మొదట్లో ఆయన లాస్ ఏంజెలెస్‌లోని లిటిల్ టోక్యోలో, అక్కడి జపాన్ వలసజనం కోసం ఆడే నాటకాల్లో వేషాలు వేస్తున్నాడు. థామస్ ఇన్స్ అనే నిర్మాత ఆయన్ని సినిమాల్లోకి తీసుకున్నాడు.

ఇక్కడ అందరూ మర్చిపోయే మనిషి ఒకరున్నారు. త్సురు ఆవోకి. జపాన్ నాటకరంగంలో పేరున్న ఒటోజిరో కవకామి, సదాయక్కోల మేనకోడలు. వాళ్ల బృందంతో చిన్నపిల్లగా 1899లో అమెరికా వచ్చి, అక్కడే ఓ జపాన్ చిత్రకారుడి ఇంట పెంపుడు కూతురిగా పెరిగింది. హయకావా కంటే ముందే ఆమె కెమెరా ముందుకు వచ్చింది. 1914 జనవరిలో జపాన్‌లో సకురాజిమా అగ్నిపర్వతం పేలింది. ఆ వార్త వేడి తగ్గకముందే ఇన్స్ దాన్ని ఆసరా చేసుకుని ‘ది రాత్ ఆఫ్ ది గాడ్స్’ తీసేశాడు. అందులో ఆవోకి హీరోయిన్. ఆమెకు తండ్రిగా వేసింది హయకావా! ఆ మే 1న ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది వచ్చిన ‘ది టైఫూన్’తో ఆయన పేరు ఇండస్ట్రీలో పాకింది.

ఇక అసలు సినిమా. 1915 డిసెంబర్‌లో విడుదలైన ‘ది చీట్’. దర్శకుడు సెసిల్ బి. డెమిల్. కథ తెలియకపోతే మిగతాదంతా అర్థం కాదు కాబట్టి చెప్పేస్తాను. ఈడిత్ అనే సొసైటీ మహిళ తన దగ్గరున్న రెడ్‌క్రాస్ నిధి పది వేల డాలర్లను ఎవరో చెప్పిన మాట నమ్మి షేర్లలో పెట్టి పోగొడుతుంది. టోరీ అనే జపాన్ దంతపు వ్యాపారి ఆ డబ్బిస్తాడు, బదులుగా ఆమెనే కోరతాడు. తర్వాత భర్త షేర్లు కలిసొచ్చి, ఆమె డబ్బు తిరిగివ్వడానికి వెళ్తే తీసుకోనంటాడు. తన దగ్గరున్న బొమ్మలకు, పెట్టెలకు ‘ఇది నాది’ అని ముద్ర కొట్టే ఇనుప ముద్రను కాల్చి ఆమె భుజం మీద వాత పెడతాడు. ఆమె పిస్టల్‌తో కాలుస్తుంది. భర్త నేరం తన మీద వేసుకుంటాడు. కోర్టు దోషి అనగానే ఆమె లేచి, భుజం మీది వాత చూపిస్తుంది. కోర్టులో ఉన్న జనం టోరీ మీద పడతారు.

చెప్పుకుంటే చవకబారు కథే. నేను దీన్ని ఓసారి మాస్ కమ్యూనికేషన్ పిల్లలకు వేశాను. మొదటి పది నిమిషాలు హాల్లో ఒకటే నవ్వులు. హీరోయిన్‌గా వేసిన ఫానీ వార్డ్ స్టేజీ అలవాటు కొద్దీ చేతులు పైకెత్తుతుంది, గుండె పట్టుకుంటుంది, కళ్లు తిప్పుతుంది. అంతకుముందే టోరీ ఒక్కడే చీకట్లో కూర్చుని కుంపటిలో ఎర్రబడ్డ ముద్రతో ఓ చిన్న బొమ్మకు గుర్తు వేసే షాట్ వస్తుంది. వెలుగంతా కింద కుంపటి నుంచే, ముఖం సగం నల్లగా. పని అయ్యాక కుంపటి మూత పెడతాడు, అంతే. అక్కడ ఎవరూ నవ్వలేదు. వాత పెట్టే ఘట్టం వచ్చేసరికి ముందు వరుసలో ఒకమ్మాయి కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుంది. సినిమాకు అప్పటికి తొంభై ఏళ్లు దాటాయి.

తేడా ఎక్కడుందంటే, ఆయన దాదాపు ఏమీ చేయడు. కోపం వచ్చినప్పుడు కదలడం ఆపేస్తాడు. కనుబొమ్మ కూడా లేవదు. చూసేవాడే ఆ ముఖంలోకి తొంగి చూసి, అక్కడ ఏముందో ఊహించుకోవాల్సి వస్తుంది. జపాన్ రంగస్థలంలో ముఖం కదపకుండా లోపలి నుంచి నటించే పద్ధతి ఒకటుంది. అక్కడి నుంచే నేర్చాడని కొందరంటారు, ఆయనేమో జెన్ (జపాన్ బౌద్ధంలోని ధ్యాన మార్గం) సాధన వల్ల వచ్చిందన్నాడు. నా లెక్కలో ఇంకో కారణం కూడా ఉంది. క్లోజప్‌లో కెమెరా ఎంత దగ్గరగా ఉంటుందో ఆ రోజుల్లో అర్థం చేసుకున్న అతికొద్ది మందిలో ఆయనొకడు. పారిస్‌లో 1916లో ఈ సినిమా ఆడినప్పుడు కొలెట్ లాంటి రచయిత్రి, లూయి డెల్యూక్ లాంటి విమర్శకుడు ఆయన నటన గురించే రాశారు. 1921లో ఫ్రాన్స్‌లో దీన్ని ఆపెరాగా కూడా కట్టారు. సినిమా నుంచి ఆపెరా పుట్టడం అదే మొదలంటారు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. అంత ద్వేషం ఉన్నా స్టార్ ఎలా అయ్యాడు అని అడిగారు. ఆ ‘ఉన్నా’ అనే మాట తీసేసి చూడండి. టోరీ పాత్ర ఆకర్షణంతా ఆ భయంలోంచే వచ్చింది. ఖరీదైన సూటు, మంచి కారు, మర్యాద, లోపల మాత్రం ‘వాళ్లు మనలాంటివాళ్లు కారు’ అన్న అనుమానం. కాలిఫోర్నియాలో 1913లోనే జపాన్‌వాళ్లు వ్యవసాయ భూమి కొనకుండా చట్టం వచ్చింది. తెల్లవాళ్లకు ‘మంగోలియన్ల’తో పెళ్లి చెల్లదన్న చట్టం అంతకుముందు నుంచే ఉంది. అదే సమయంలో హాల్లో కూర్చున్న ఆడవాళ్లకు ఆ ముఖం తెగ నచ్చేసింది. స్టూడియోకు ఈ రెండూ కావాలి. భయమూ అమ్ముడుపోతుంది, మోజూ అమ్ముడుపోతుంది. కాబట్టి ఆయన హీరోయిన్‌ను ప్రేమించవచ్చు, ఆమె కోసం ప్రాణమివ్వవచ్చు. చివరి రీలులో ఆమె చేయి మాత్రం ఇంకొకడే పట్టుకోవాలి.

లిటిల్ టోక్యోలో మాత్రం ‘ది చీట్’ మంట రేపింది. ‘రఫు షింపో’ అనే జపనీస్ పత్రిక దుమ్మెత్తిపోసింది. తమను తోటల్లోనూ అంగళ్లలోనూ ఇప్పటికే అనుమానంగా చూస్తుంటే, మనవాడే వెళ్లి ఇలాంటి వేషం వేస్తాడా అని. ఆయన ఆ పత్రికలోనే విచారం తెలియజేయాల్సి వచ్చింది. జపాన్‌లో ఆ సినిమా విడుదలే కాలేదు. దేశం పరువు తీశాడన్న కోపం అక్కడ చాలాకాలం ఉంది. అంటే ఒకవైపు అమెరికాలో ఎంతైనా పరాయివాడు, మరోవైపు స్వదేశంలో ద్రోహి.

ఇప్పుడు మన వైపు కాస్త తగులుతూ పోయే ఓ చిన్న సంగతి. 1918లో ‘ది చీట్’ను మళ్లీ విడుదల చేశారు. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధంలో జపాన్, అమెరికా ఒకే పక్షం. మిత్రదేశం మనిషిని విలన్‌గా చూపిస్తే బాగుండదు కదా. ఏం చేశారు? ఒక్క షాట్ కూడా మళ్లీ తీయకుండా టైటిల్ కార్డులు మాత్రం మార్చేశారు. హిషురు టోరీ కాస్తా హాకా అరకావు అయ్యాడు, బర్మా దంతపు రాజు! ఇంట్లో అవే కాగితపు తలుపులు, ఒంటి మీద అదే జపాన్ అంగీ, ఊరు మాత్రం బర్మా. అప్పట్లో బర్మా బ్రిటిష్ ఇండియాలో ఓ రాష్ట్రం. రంగూన్ రేవులోనూ మిల్లుల్లోనూ మన కోస్తా జిల్లాల కూలీలు వేలమంది ఉన్న రోజులు. బర్మా వాళ్ల తరఫున అమెరికాలో అడగడానికి రాయబారీ లేడు, పత్రికా లేదు. ఆ దేశాన్ని ఎంచుకోవడానికి అదే కారణమై ఉంటుందని నా అనుమానం. ఇప్పుడు మనకు చూడ్డానికి దొరికేది ఆ మార్చిన ప్రింటే.

‘ది చీట్’ తర్వాత స్టూడియో ఆయన్ని దాదాపు అన్ని దేశాలవాడినీ చేసింది. చైనావాడు, మెక్సికో బందిపోటు, హవాయి దీవివాడు, చివరికి భారతీయుడు కూడా. 1917లో ‘ఈచ్ టు హిజ్ కైండ్’లో రణ్‌ధా అనే ఇండియన్ యువరాజు, 1919లో ‘ది మ్యాన్ బినీత్’లో హిందూ డాక్టర్. ఆ డాక్టర్ పేరు చిండీ అషుటార్ అట. మన దేశంలో ఏ ప్రాంతం పేరో ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టలేదు.

ఈ వేషాలతో విసిగి 1918లో ఆయన సొంత కంపెనీ పెట్టాడు. పేరు హావర్త్ పిక్చర్స్. తన పేరులోంచి సగం, దర్శకుడు విలియమ్ వర్తింగ్టన్ పేరులోంచి సగం. 1918 నుంచి 1922 దాకా ఇరవైకి అటూ ఇటూగా సినిమాలు తీశాడు. హాలీవుడ్‌లో ఆసియా నుంచి వచ్చిన నటుడు సొంత నిర్మాణ సంస్థ నడపడం అంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఫ్రాంక్లిన్ అవెన్యూలో కోటలాంటి ఇల్లు. ఆ ఇంట్లో ఇచ్చిన పార్టీల గురించి చిలవలు పలవలుగా కథలున్నాయి. వాటిని దాటేస్తాను, సగం ఆయన చెప్పుకున్నవే.

ఆ కంపెనీ సినిమాల్లో మీరు తప్పక చూడాల్సింది 1919 నాటి ‘ది డ్రాగన్ పెయింటర్’. తత్సు అనే పిచ్చి చిత్రకారుడు కొండల్లో తిరుగుతుంటాడు. వెయ్యేళ్ల క్రితం డ్రాగన్‌గా మారిపోయిన యువరాణి తనకు కాబోయే భార్య అని నమ్మి, ఆమె కోసం వెతుక్కుంటూ బొమ్మలు గీస్తాడు. శిష్యుడి కోసం చూస్తున్న ఓ ముసలి చిత్రకారుడు తన కూతుర్నే ఆ యువరాణి అని నమ్మించి పెళ్లి చేస్తాడు. పెళ్లయ్యాక మనవాడి కుంచె కదలదు. కోరుకున్నది దొరికాక ఇంక గీయడానికేముంది? ఆ భార్య వేషం వేసింది ఆవోకీయే. జపాన్ కొండలుగా చూపించినవి కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ. ఇందులో తెల్లదొర పాత్ర లేదు, వాత లేదు, త్యాగం చేసి చచ్చిపోయే ప్రియుడు లేడు. హయకావా ముఖంలో అల్లరి, పిచ్చి, అమాయకత్వం అన్నీ పరుగులు తీస్తాయి. ‘ది చీట్’లో కదలని మనిషి ఇతనేనా అనిపిస్తుంది. ఎన్నో ఏళ్లు ఈ సినిమా పోయిందనుకున్నారు, తర్వాత ఫ్రెంచి ప్రింటు ఒకటి దొరికి బాగు చేశారు. 2014లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలోకి కూడా ఎక్కింది.

కానీ ఆ ముసలి జపాన్ చిత్రకారుడి పాత్ర వేసింది ఎవరనుకున్నారు? ఎడ్వర్డ్ పైల్ అనే తెల్ల నటుడు, మేకప్ వేసుకుని. కంపెనీ హయకావాది, కథ జపాన్‌ది, హీరో హీరోయిన్లు జపాన్‌వాళ్లు, అయినా మామగారు తెల్లాయనే. సొంత కంపెనీలో ఆయన చేయి ఎంతవరకు ఆడిందో చెప్పడానికి నాకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకలేదు. డబ్బు, పంపిణీ వేరేవాళ్ల చేతుల్లో ఉంటే నిర్మాత అన్న పేరు కొంతవరకే పనిచేస్తుంది. ఇది మన ఇండస్ట్రీలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక మూడో ప్రశ్న. టాకీలు 1927లో మొదలయ్యాయి. హయకావా హాలీవుడ్ వదిలింది 1922లో, ‘ది వెర్మిలియన్ పెన్సిల్’ తర్వాత. అంటే ఐదేళ్ల ముందే. యాసకు ఇందులో ఏ పాత్రా లేదు. పంపిణీ కంపెనీతో సంబంధాలు చెడిపోయాయి. కాలిఫోర్నియాలో 1920లో భూమి చట్టాన్ని ఇంకా బిగించారు. 1922 నవంబర్‌లో సుప్రీంకోర్టు టకావో ఒజావా కేసులో, జపాన్‌లో పుట్టినవాడు ఎన్నేళ్లు అమెరికాలో ఉన్నా పౌరుడు కాలేడని తేల్చేసింది. మూడు నెలలు దాటీ దాటగానే 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ కేసులో మన భారతీయులకూ అదే తీర్పు. 1924 చట్టంతో జపాన్ వలసే మూతపడింది. హాలీవుడ్‌లో కోట కట్టుకున్న స్టారైనా, చట్టం ముందు ద్రాక్షతోట కూలీ ఎంతో ఆయనా అంతే.

ఇంకో దెబ్బ కూడా ఉంది, దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. 1921లో వాలెంటినో హీరోగా ‘ది షేక్’ వచ్చి దేశాన్ని ఊపేసింది. పరాయి దేశపు అందగాడు, భయమూ మోజూ కలిసిన ప్రేమ, అచ్చం హయకావా తెరిచిన దారే. ఈసారి మాత్రం హీరోయిన్ చివరికి అతనికే దక్కుతుంది. ఎలా? క్లైమాక్స్‌లో ఆ అరబ్ షేక్ నిజానికి యూరోపియన్ తల్లిదండ్రుల బిడ్డ అని తెలుస్తుంది! ఆ సినిమా ముందు హయకావాకే వచ్చిందనీ ఆయనే వద్దన్నాడనీ ఓ కథ తిరుగుతుంటుంది, దాన్ని పట్టించుకోకండి. వచ్చి ఉన్నా ఆ క్లైమాక్స్ ఆయన ముఖంతో నడిచేది కాదు.

మీరు చదివిన ‘యాస వల్ల పోయాడు’ కథ బహుశా ఇంకొకరిది. సోజిన్ కమియామా అని మరో జపాన్ నటుడు, 1924లో ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’లో మంగోల్ యువరాజు. టాకీల్లో ఇంగ్లిష్ ఆయనకు నిజంగానే సమస్య అయింది, జపాన్ వెళ్లిపోయాడు. కురసావా ‘సెవెన్ సమురాయ్’లో వాయిద్యం మీటే గుడ్డి ముసలాయన ఆయనే. ఇద్దరి కథలూ కలగలిసిపోయాయి. ఇంకొందరు హాలీవుడ్‌లో పని నేర్చుకుని 1920 ప్రాంతంలో తిరిగెళ్లి జపాన్ సినిమాను కొత్తగా నిలబెట్టారు, దర్శకుడు థామస్ కురిహరా, కెమెరామన్ హెన్రీ కొటానీ లాంటివాళ్లు. వాళ్ల గురించి వేరే ప్రశ్న వేయండి, తీరిగ్గా చెబుతాను.

తర్వాతి జీవితం గబగబా చెప్పేస్తాను. 1923లో ఫ్రాన్స్‌లో ‘లా బతాయ్’, పెద్ద హిట్టు. 1931లో మళ్లీ హాలీవుడ్, అన్నా మే వాంగ్ పక్కన ‘డాటర్ ఆఫ్ ది డ్రాగన్’. అది టాకీయే, అయినా పెద్దగా ఉపయోగపడలేదు. 1937లో ఫ్రాన్స్‌లో ‘ది చీట్’నే టాకీగా మళ్లీ తీస్తే అందులోనూ ఆయనే. రెండో ప్రపంచయుద్ధమంతా పారిస్‌లో ఇరుక్కుపోయి బొమ్మలు గీసి అమ్ముకుని బతికాడు. 1949లో హంఫ్రీ బొగార్ట్ ‘టోక్యో జో’ కోసం పిలిపించాడు. అక్కడి నుంచి క్వాయ్.

1957లో ‘క్వాయ్’ వచ్చేసరికి ఆయనకు డెబ్బై ఏళ్లు దాటాయి. షూటింగ్ సిలోన్‌లో. ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్‌కు నామినేట్ అయ్యాడు, అవార్డు మాత్రం ‘సయొనారా’లో నటించిన రెడ్ బటన్స్‌కు వెళ్లింది. అదే సినిమాకు మియోషి ఉమేకి అనే జపాన్ నటికి సహాయ నటి అవార్డు వచ్చింది. పనిలో పని, ‘క్వాయ్’లో జపాన్ సైన్యం యుద్ధ ఖైదీలతో వంతెన కట్టించే ఆ రైలుమార్గం గురించి ఒక మాట. బ్రిటిష్ ఖైదీలతో పాటు మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళ, తెలుగు కూలీలు కూడా ఆ పనిలో పెద్దసంఖ్యలో చనిపోయారు. సినిమాలో వాళ్ల ఊసే లేదు.

త్సురు ఆవోకి 1961లో, హయకావా 1973 నవంబర్ 23న టోక్యోలో కన్నుమూశారు.

చూడాలనుకుంటే నేను చెప్పే వరుస ఇది. ముందు ‘ది చీట్’, గంటలోపే అయిపోతుంది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బర్మా అని కార్డు పడితే కంగారుపడకండి, ఎందుకో ఇప్పుడు తెలుసు కదా. మర్నాడు ‘ది డ్రాగన్ పెయింటర్’. ఇదీ గంటలోపే. వీలైతే సంగీతం ఆపేసి ఓ పది నిమిషాలు పూర్తి నిశ్శబ్దంలో చూడండి, ఆయన చేతుల మీదే కన్నుంచి. తర్వాత ‘క్వాయ్’ మళ్లీ పెట్టుకుని నేరుగా ఒక చోటికి వెళ్లండి. తన అధికారులు కూలిపని చేయరన్న బ్రిటిష్ ఖైదీ కల్నల్ పంతమే నెగ్గుతుంది. రష్యా మీద జపాన్ గెలిచిన రోజు వార్షికోత్సవం అన్న సాకుతో సైటో అతన్ని వదిలేస్తాడు. బయట ఖైదీల కేరింతలు. లోపల సైటో ఒంటరిగా ఏడుస్తాడు. ఆ షాట్‌లో ఒక్క డైలాగ్ లేదు.